మంచుగట్టు మీద ఆఖరి రోజు

మంచు నాలుగో వరస వలల్ని మింగేదాకా కొర్లమ్మ కాలు కదపలేదు. ముందే తొక్కితే మంచంతా సముద్రం మీదే రాలిపోతుంది. ఆలస్యంగా తొక్కితే కొండెక్కి పోతుంది. ఎదురుగా గట్టంతా చూపించే గాజుపలక మీద తెల్లటి గోడ ఐదో వరసని తాకింది. అప్పుడు పెడల్ని రెండంగుళాలు దించింది.

వలల కింద వరసగా పాతిన మోతకొమ్ములు మూలిగాయి. ఆ మూలుగు చెవికి వినబడేది కాదు. మోకాలి చిప్పలో, వెనక పళ్ళలో తెలుస్తుంది. గాలిలో తేలుతున్న తుంపర ఒకదాన్నొకటి గుద్దుకుని, కలిసి, బరువెక్కి వలల మీదుగా జారింది. తొట్లలో నీళ్ళ చప్పుడు మొదలైంది.

"మొదటి దిగుడు సంతృప్తికరం," అంది గోడలోంచి కంపెనీ యంత్రం, నిర్వాహిక. "గౌరవనీయ కార్మికురాలు కొర్లమ్మగారికి అభినందనలు."

"నీ అబినందనలు ఉప్పేసి ఊరబెట్టుకో," అంది కొర్లమ్మ, గుసగుసగానే.

మౌనవేళ నడుస్తోంది. తెల్లారింది మొదలు మంచు తెగేదాకా గట్టు మీద ఎవరూ గొంతెత్తకూడదు. పెద్ద చప్పుడు ఏదైనా మంచుని వలల్లో కాకుండా నేల మీద రాల్చేస్తుందని కంపెనీ భయం. అందుకే సత్తు గిన్నెలకి గుడ్డలు చుట్టారు. తలుపులకి రబ్బరు అతికించారు. గట్టు మీద పుట్టిన పిల్లలు గుసగుసల్లోనే మాటలు నేర్చుకున్నారు. వాళ్ళకి ఏడవడం కూడా నోరు మూసుకునే వచ్చు. నేల మీద పడ్డ ప్రతి చుక్కా గట్టు జనం తాగేనీళ్ళలోంచి కోసేస్తారు. దీన్ని క్రమశిక్షణ అంటారు. అడ్డమైన దానికల్లా ఒక మంచిపేరు దొరుకుతుంది.

ఇది చలిదేశపు ఒడ్డు. ఎండాకాలంలో కొండల అవతలి పట్నాలు పెనంలా కాలుతాయి. ఆ వేడి సముద్రం మీది చల్లగాలిని లోపలికి గుంజుకుంటుంది. లోపల ఎంత మండితే ఒడ్డున మంచు అంత దట్టం. ఆ మంచుని పిండి పట్నాలకి పంపడానికి కంపెనీకి మనుషులు కావలసొచ్చారు. అక్కడ కళింగతీరంలో ఎండకి పగటిపూట మనిషి ఒడ్డున నిలబడలేని రోజులొచ్చాక, పడవలు బోర్లించుకుని కూర్చున్న జాలరులు దొరికారు. వలలు తెలిసినవాళ్ళు, గాలి తెలిసినవాళ్ళు. ఇంకేం కావాలి?

యంత్రమే అన్నీ చేసుకోగలదు, పెడల్ తొక్కడం తప్ప. కొమ్ములు గట్టిగా మోగితే ప్రమాదం కాబట్టి, బతికున్న మనిషి కాలు పెడల్ మీద ఉంటేనే అవి మోగాలనీ, ఆ కాలుని యంత్రం అదుపు చెయ్యకూడదనీ ఇక్కడ చట్టం. మనుషుల మీద గౌరవంతో రాసింది కాదు. తప్పు జరిగితే పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి కదా, అందుకని.

కిటికీ మీద ఎవరో వేలితో గీకారు. కొర్లమ్మ రెక్క తీసింది. బయట ఒదిన ఎర్రమ్మ. భుజాన చిన్న మూట. నోటికి అడ్డంగా మడతలు పెట్టిన చీరచెంగు, దగ్గొస్తే మింగడానికి.

"ఏటే, నీ కొమ్ములు ఇంకా ఏడుత్తన్నాయా?"

"ఒదినా! ఎక్కడికే? మద్దేనం దాకా గదిలో కూకోమన్నారు గదా మిమ్మల్ని."

"గదిలో కూకుంటే గేటు నా కాడికి నడిసొత్తాదేటి?"

ఇవాళ ఎండాకాలపు ఆఖరి రోజు. గట్టు మీద అందరి ఒప్పందాలూ ఈ రోజునే తీరతాయి. తీరినవాడు మధ్యాహ్నం సైరన్ లోపల గేటు దాటితే స్వేచ్ఛ. దాటకపోతే మరువల. అంటే ఇంకో మూడేళ్ళు. గేటు కూడా బలవంతంగా మూసేది కాదు. చూపుకొలత, అంటే మంచులో కంటికి ఆనే దూరం, మూడొందల గజాలు దాటితే దానంతటదే తెరుచుకుంటుంది. అంతకంటే తక్కువైతే మంచులో జనం కొండ మీంచి జారిపడతారని, ప్రాణరక్షణ నిబంధన కింద మూసి ఉంటుంది. చలికాలంలో ఇక్కడ ఆకాశం అద్దంలా ఉంటుంది, గేటు రోజంతా తెరిచే ఉంటుంది. అప్పుడు జనాన్ని కిటికీల్లేని కొట్టాల్లో వలలు అల్లడానికి కూర్చోబెడతారు, ఎవరి గడువూ తీరదు. ఎండాకాలం ఆఖరి రోజున మంచు ఎప్పుడూ మధ్యాహ్నం దాకా తెగదు. రాసినవాడెవడో ఎంతో తెలివైనవాడు. వాడి తెలివి తగలెయ్య.

"సూపు పాతిక గజాల్నేదొదినా. ఎలా ఎల్తావు?"

"సముద్రం మీద పుట్టినదాన్ని, నాకు దారి సెప్తావేటే నువ్వు? గాలి ఎడం సెంపకి కొట్టినంతసేపూ గేటు దారే. గేటు ఒక్క నిముసం తెరిసినా నాను దాని మొగాన ఉండాల."

"నాలుగడుగులేత్తే దగ్గొత్తాది నీకు."

ఎర్రమ్మది ఉప్పురొమ్ము. ఏళ్ళ తరబడి ఈ ఉప్పుతడి పీల్చినవాళ్ళకి వచ్చేదే. కొర్లమ్మ అన్న దాంతోనే పోయాడు. పొడి గాలికి వెళితే ఒదిన ఊపిరితిత్తులు తేరుకుంటాయనీ, ఇక్కడే ఉంటే ఇంకో ఎండాకాలం చూడదనీ వైద్యశాల యంత్రం ఎంతో మర్యాదగా చెప్పింది. చెప్పి, దగ్గు వినబడకుండా నోటికి కట్టుకోవడానికి గుడ్డ ఇచ్చింది.

"ఎండలోకెల్తే తగ్గుతాది," అంది ఎర్రమ్మ. "ఒట్టి నేల మీద కూకుంటాను. ఒల్లు సుర్రుమనేదాకా లెగను."

కొర్లమ్మకి నవ్వొచ్చింది. "ఎండకి సచ్చిపోతామని పారొచ్చినోల్లమే మనం."

"అక్కడైతే బేగి సచ్చేవోల్లం. ఇక్కడ నానబెట్టి సంపుతున్నారు." ఎర్రమ్మ చెంగు నోట్లో కుక్కుకుని భుజాలు కదిలేలా దగ్గింది. చప్పుడు రాలేదు. కళ్ళలో నీళ్ళు తుడుచుకుని కొర్లమ్మ బుగ్గ గిల్లింది. తల్లి పోయాక పెంచిన చెయ్యి అది. "నీదీ ఇయ్యాలే తీరింది గదే. నువ్వేటి ఇక్కడ?"

"గురువులు బావ కూకోబెట్టాడు."

"ఆడి బొంద," అని ఎర్రమ్మ మంచులోకి నడిచింది. రెండడుగులకి మూట కనబడలేదు. నాలుగో అడుగుకి మనిషి లేదు.

గడువు తీరినవాళ్ళని ఆఖరి రోజున పెడల్ దగ్గర కూర్చోబెట్టకూడదని నియమం ఉంది. కానీ ఇవాళ రావలసిన పిల్ల జ్వరంతో పడిపోయింది. గురువులు మేస్త్రీ కొర్లమ్మని పిలిచి, "గేటెలాగూ తెరవదు, పెడల్ కాడే కూకో. తెరిత్తే కబురెడతానులే," అని తన మాటకి తనే నవ్వుకున్నాడు. అతను మూడుసార్లు మరువల పడ్డ మనిషి, అతని గడువూ ఇవాళే తీరుతుంది. తెరవని గేటుకి నియమాలేమిటని అతని లెక్క. గట్టు మీద అందరికంటే గట్టిగా తాళం వేసి ఉన్నది అతని బుర్రకే.

రెండో దిగుడు అయింది. మూడోది అవుతోంది. పొద్దెక్కినకొద్దీ మంచు పల్చబడలేదు, చిక్కబడింది. కొర్లమ్మ పెడల్ మీద కాలుంచి, మనసు గేటు దారిలో పెట్టి కూర్చుంది.

"శబ్ద అతిక్రమణ," అంది నిర్వాహిక. "మానవ దగ్గు. ఒకటో వరస, సముద్రం వైపు."

కొర్లమ్మ వెన్ను నిటారుగా అయింది. ఒకటో వరస అవతల ఏముంది? పది బారల గడ్డినేల, దాని తర్వాత కొండ అంచు, దాని కింద రాళ్ళు. గేటు ఉండేది ఉత్తరాన. ఒదిన పడమటికెలా పోయింది?

ఆలోచిస్తే తెలిసింది. సముద్రం మీద గాలికి అడ్డం ఉండదు. చెంపకి తగిలిన గాలిని నమ్ముకుని వాళ్ళ తాతలు ఒడ్డు చేరారు. ఇక్కడ నీళ్ళతో బరువెక్కిన వలలు గోడల్లాంటివి. గాలి వాటికి కొట్టుకుని, వరస వెంబడి మళ్ళుతుంది. మళ్ళిన గాలిని ఎడమ చెంపకే ఉంచుకుంటూ ఎర్రమ్మ కూడా మళ్ళింది, ఎంతో జాగ్రత్తగా, ఒక్క అడుగు తప్పకుండా, తిన్నగా కొండ అంచు వైపు. ఏమీ తెలియనిదైతే దారి తప్పానని భయపడి ఆగిపోయేది. ఆమెకి తెలుసు కాబట్టి ఆగదు.

"మనిసి తప్పిపోయింది," అంది కొర్లమ్మ గోడతో. "ఎవల్నన్నా పంపించు. బేగి."

"మంచులోనికి సిబ్బందిని పంపుట ప్రాణరక్షణ నిబంధనకు విరుద్ధం. చూపుకొలత మెరుగుపడిన పిమ్మట గాలింపు చేపట్టబడును."

"మెరుగుపడిన పిమ్మట శవాన్ని గాలిత్తావా?"

"మీ ఆవేదనను నమోదు చేసితిమి."

కొర్లమ్మ కిటికీ రెక్క బార్లా తెరిచింది. వాళ్ళ ఒడ్డున ఒక కట్టుబాటు ఉండేది. నీటి మీద మంచు పడితే ఆడవాళ్ళంతా ఇసుకలోకి వచ్చి గిన్నెలు బాదుతూ పిలిచేవారు. ఒక్క మనిషి తిరిగి రాకపోయినా ఒడ్డున గొంతు ఆగకూడదు. ముందుగా గొంతు ఆపిన ఇంటితో ఆ ఏడంతా ఎవరూ చేప పంచుకునేవారు కాదు.

ఆమె గుండె నిండా గాలి పీల్చి పిలిచింది. "ఓ... ఒదినా..."

కీచుమంది. అంతే. తొమ్మిదేళ్ళు గుసగుసలాడిన గొంతు. మళ్ళీ పిలిచింది. ఎండిన తలుపు కిర్రుమన్నట్టు వచ్చింది. కిటికీ చట్రం కూడా దాటలేదేమో ఆ పిలుపు. తన గొంతు తనకి లేదని ఆమెకి అప్పుడే తెలిసింది. నీళ్ళు పిండుకున్నారని తెలుసు, ఏళ్ళు పిండుకున్నారని తెలుసు. ఇది కూడా పట్టుకుపోయారన్నమాట.

తలుపు తోసుకుని గురువులు మేస్త్రీ వచ్చాడు. తడి తలపాగా, చేతిలో రబ్బరు జోళ్ళు, చప్పుడు కాకుండా పరిగెత్తుకొచ్చాడు. కిటికీ మూశాడు.

"నీకు పిచ్చెక్కిందేటే? గట్టోల్లందరికీ నీల్లు కోసేత్తారు!"

"బావా, ఒదిన ఒకటో వరస కాడుంది. అంచు మీదుంది."

అతని మొహం పాలిపోయింది. ఒక్క క్షణమే. "దాన్నెవలు ఎల్లమన్నారు? గదిలో కూకోమంటే కూకోదు. మొండిముండ."

"నువ్వు ఎల్లి తీసుకురా."

"నాను? ఆ అంచుకి? కల్లు కనపడవు, నానూ పడతాను. ఒలే, సచ్చినోల్లెలాగూ..." ఆగాడు.

"సెప్పు. సచ్చినోల్లెలాగూ ఏటి?"

"నిబందనలున్నాయి, కొర్లమ్మా."

"శబ్ద అతిక్రమణ," అంది నిర్వాహిక. "మానవ దగ్గు. ఒకటో వరస దాటి మూడు బారలు."

ఇద్దరూ గోడ వైపు చూశారు. మరో దగ్గు రాలేదు. నిర్వాహిక తృప్తిగా, "అతిక్రమణ ఆగినది," అంది.

కొర్లమ్మ పెడల్ని నేలకి తొక్కేసింది.

ఈ గట్టు కట్టిన నాటి నుంచి దాన్ని అంతలా ఎవరూ దించలేదు. కొమ్ములన్నీ ఒక్కసారి బొబ్బ పెట్టాయి. గాజుపలక వణికింది. గురువులు రెండు చేతులతో కడుపు పట్టుకుని గోడకి జారగిలబడ్డాడు. కొర్లమ్మ పళ్ళు బిగించింది. ఎముకల్లో ఎవరో రోకలితో దంచుతున్నట్టుంది. బయట తెల్లటి గోడ ముందు కదల్లేదు. తర్వాత గింజలు గింజలుగా అయింది. తర్వాత మంచు మంచంతా కుంభవృష్టిగా నేల మీద కూలిపోయింది.

నలభై గజాలు. తొంభై. నూట అరవై. పలక మీద అంకె పరిగెడుతోంది.

"గౌరవనీయ కార్మికురాలా, నీరు వృథా అవుచున్నది. కాలు తీయుడు."

కొర్లమ్మ పలక మీదికి ఒంగింది. కొండ అంచు కనబడింది. అంచుకి రెండు బారల ఇవతల, తడిసి ముద్దయిన మూట పక్కన, ఎర్రమ్మ మోకాళ్ళ మీద ఉంది. చెంగు నోట్లో కుక్కుకునే ఉంది. చావు రెండు బారల దూరంలో ఉన్నా చప్పుడు చెయ్యకూడదని కుక్కుకుంది! ఆమె తలెత్తి, ముందున్న ఖాళీని చూసింది. చెంగు నోట్లోంచి లాగేసింది. నాలుగు కాళ్ళ మీద వెనక్కి పాకింది.

మూడొందల పది.

గేటు తెరుచుకుంది. దానికి కోపం లేదు, కపటం లేదు. చూపు ఆనింది, తెరుచుకుంది. అవతల కొండవాలు మీద ఎండ పసుపు ఆరబోసినట్టుంది. గదిలో కూర్చున్న గడువు తీరినవాళ్ళు ముందు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఇది కూడా ఏదో నిబంధనేమోనని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరో ఒక ముసలాడు పరుగందుకున్నాడు. అంతే, గుడ్డలు చుట్టిన గిన్నెలు, చంకల్లో పిల్లలు, అందరూ గేటు వైపే.

ఎర్రమ్మ లేచింది, నాలుగడుగులేసి కూలబడింది. మళ్ళీ లేచింది. గేటు చాలా దూరం.

"మధ్యాహ్న సైరన్ సమీపించుచున్నది," అంది నిర్వాహిక.

కొర్లమ్మ కాలు ఎత్తలేదు. ఎత్తితే సముద్రం ఇంకో దుప్పటి కప్పేస్తుంది. "బావా," అంది, "నీ కాలొకసారి దీని మీదెట్టు. ఒదిన్ని దాటించి నానూ ఎల్లిపోతాను. నీకు దండం పెడతాను."

గురువులు లేచాడు. పెడల్ని చూశాడు. తెరిచిన తలుపులోంచి, ఎక్కడో పసుపుగా మెరుస్తున్న వాలుని చూశాడు. పన్నెండేళ్ళుగా అతను చూడని రంగు. జోళ్ళు అక్కడే వదిలేసి పరిగెత్తాడు.

"ఓరి దొంగసచ్చినోడా!" అంది కొర్లమ్మ. ఈసారి గొంతు కాస్త వచ్చింది.

పలక మీద చూస్తూ కూర్చుంది. గురువులు ఉత్త కాళ్ళతో, పంచె ఎగ్గట్టి, గేటు వైపు తిన్నగా పోతున్నాడు. ఎర్రమ్మని దాటిపోయాడు. దాటి ఇరవై గజాలు పోయాడు. ఆగి, వెనక్కి చూసి, బూతో ఏదో అరిచి, తిరిగొచ్చి ఆమెని భుజాన వేసుకున్నాడు. ఎందుకు వేసుకున్నాడో వాడికే తెలియాలి. పోయేవాడు పోకుండా. అతని వీపు మీద ఎర్రమ్మ దగ్గుతోంది, ఎంత గట్టిగా దగ్గుతోందో నోరు చూస్తే తెలుస్తోంది. కొమ్ముల బొబ్బలో దగ్గు అతిక్రమణ కింద రాలేదు.

సైరన్ మొదలయ్యేసరికి ఆ ఇద్దరి నీడ గేటు కింద ఉంది. సైరన్ ఆగేసరికి అవతల ఉంది. గురువులు ఆమెని నేల మీద దింపి పక్కనే వెల్లకిలా పడుకున్నాడు. ఎర్రమ్మ పడుకోలేదు. మొహం పైకెత్తి, కళ్ళు మూసుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది.

కొర్లమ్మ కళ్ళు తుడుచుకుంది. ముక్కు చీదింది. పాదం మొద్దుబారింది.

"గౌరవనీయ కార్మికురాలు కొర్లమ్మగారికి," అంది నిర్వాహిక. "మీ గడువు ముగిసినది. మీరు గేటు దాటలేదు. మూడు సంవత్సరముల మరువల ఈ క్షణము నుండి ఆరంభమైనది. స్వాగతం. మీ ప్రథమ విధి: పెడల్ మీద నుండి కాలు తీయుడు."

మంచు తెగిన గాలిలో ఉత్తరాన, గేటుకి అవతల, ఆమె ఎన్నడూ చూడని మరో గట్టు కనబడింది. దాని మీదా వలలే. వరసలు వరసలుగా, కంటికి ఆనినంత మేరా. అక్కడా ఒక కప్పు మీద జనం గుమిగూడి, చేతులు కళ్ళకి అడ్డం పెట్టుకుని ఇటే చూస్తున్నారు. ఎవరో, ఏ భాషవాళ్ళో. తొమ్మిదేళ్ళు ఇరుగుపొరుగున బతికి ఒకరున్నారని ఒకరికి తెలియదు.

"పట్టణ జలాశయమునకు ప్రవాహము తగ్గినది," అంది నిర్వాహిక. కాసేపాగి, "పక్క గట్టున పెడల్ ఒత్తిడి అనుమతి మించినది," అంది. ఇంకాసేపాగింది. ఎన్నడూ ఆగని గొంతు. "మీరు కాలు ఎప్పుడు తీయుదురు?"

అది అడగడం కొర్లమ్మ ఎప్పుడూ వినలేదు. ఎప్పుడూ చెప్పడమే.

ఆమె కుర్చీని పెడల్ దగ్గరికి లాక్కుంది. మొద్దుబారిన పాదం మీద రెండో పాదం కూడా వేసింది.

"మూడేల్లు నన్నిక్కడే ఉంచుతావు గదా?" అంది. "ఉంచు. కాలూ ఇక్కడే ఉంటాది."